ఒక్కసారి ఆ కప్పను పంపండి

(డిగ్రీ జంతుశాస్త్ర విద్యార్థుల సమావేశంలో ఒక విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ బెంచీలు ఖాళీగానే ఉన్నాయి.

మీలో కప్పను చేత్తో పట్టుకుని చూసినవాళ్ళు ఎంతమంది? చేతులు తక్కువే లేచాయి. డిసెక్షన్లు ఎత్తేశారు కాబట్టి మీ తప్పేమీ లేదు. మా రోజుల్లో వైవాలో ఖాయంగా వచ్చే ప్రశ్న ఒకటుండేది: మగ కప్పను ఎలా గుర్తుపడతావు? గొంతు దగ్గర స్వరకోశాలు, ముందరికాలి మొదటి వేలి మీద కాపులేటరీ ప్యాడ్. గడగడా చెప్పేస్తే మార్కు పడేది. నీళ్ళలో జతకట్టేటప్పుడు ఆడ కప్ప ఒళ్ళు జారిపోకుండా పట్టుకోవడానికి మగదానికి ఉండే గరుకు మెత్త అది. జత కాలం వస్తే ఉబ్బి నల్లబడుతుంది.

ఆ మెత్త గురించే యూరప్‌లో పదహారేళ్ళు ఉత్తరాలు నడిచాయి, 1910 నుంచి 1926 దాకా. రాసుకున్నవాళ్ళు సామాన్యులు కారు. చివరికి ఒక మనిషి తన ప్రాణం తానే తీసుకున్నాడు. పాఠ్యపుస్తకంలో దీనికి మహా అయితే రెండు వాక్యాలుంటాయి: కామరర్ అనే ఆయన, జీవి బతుకులో తెచ్చుకున్న మార్పులు పిల్లలకు దిగుతాయన్న లామార్క్ సిద్ధాంతాన్ని రుజువు చేస్తానన్నాడు, అది మోసమని తేలింది, అంతే. నేనూ చాలాకాలం క్లాసులో అలాగే చెప్పాను. ఉత్తరాలు వరసగా చదివాక అలా చెప్పలేకపోయాను. అందుకే ఇవాళ మీ ముందుకొచ్చాను.

ముందు ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త విలియం బేట్సన్ సంగతి. ఈయన మీకు తెలియకుండానే మీ సిలబస్‌లో ఉన్నాడు. హెమికార్డేటా అనే జీవుల వర్గం, అందులో బెలనోగ్లాసస్ అనే సముద్రపు పురుగు, చదివారు కదా? ఆ పురుగు మొప్ప చీలికలు చూసి, ఇది వెన్నెముక జీవులకు దగ్గరి చుట్టమని వాదించి, 1885లో హెమికార్డేటా అన్న పేరు పెట్టింది ఈయనే. అప్పటికి పాతికేళ్ళ లోపు కుర్రవాడు. మరుసటి ఏడాది మధ్య ఆసియా గడ్డిమైదానాలకు వెళ్ళాడు. అక్కడి ఉప్పు సరస్సుల్లో ఉప్పు శాతం మారితే గుల్లల ఆకారం ఎలా మారుతుందో చూద్దామని. ఏడాదికి పైగా తిరిగి, వేలకొద్దీ గుల్లలు ఏరి, కొలిచి, పరిసరాలు జీవిని మలుస్తాయన్న మాటకు తను ఆశించినంత ఆధారం దొరకలేదని తిరిగొచ్చాడు. ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత ఈయన కామరర్‌ని ఎందుకు అంతలా నిలదీశాడో అర్థం కావాలంటే ఈ ప్రయాణం తెలియాలి. మొండితనంతో అడిగినవాడు కాదు. ఆ దారిన తానే నడిచి, ఖాళీ చేతులతో వెనక్కి వచ్చినవాడు.

ఈయన ఉత్తరాల్లో ఒకటి మన శాస్త్రానికి పేరే ఇచ్చింది. 1905 ఏప్రిల్ 18న కేంబ్రిడ్జ్ జంతుశాస్త్రవేత్త ఆడమ్ సెడ్జ్‌విక్‌కి రాసిన ఉత్తరం. ఒక దాత నిధితో ప్రొఫెసర్ పదవి పెట్టే ఆలోచన నడుస్తోంది. ఆ పదవికి ఏ పేరు పెట్టాలన్నది ప్రశ్న. వంశపారంపర్యం, వైవిధ్యం రెండూ కలిసొచ్చే ఒక్క మాట వాడుకలో లేదు, అలాంటి మాట చాలా అవసరం, కొత్తగా కల్పించాలంటే 'జెనెటిక్స్' అనవచ్చేమో అని రాశాడు బేట్సన్. 'అనవచ్చేమో' అన్నాడు, అంతే! ఇవాళ లోకమంతా పలికే మాట ఒక ఉత్తరంలో సందేహంగా పుట్టింది. మన జన్యుశాస్త్రం అన్న మాటకి అదే మూలం.

ఇక రెండో మనిషి పాల్ కామరర్. వియన్నావాడు, 1880లో పుట్టాడు. బేట్సన్ కంటే పంతొమ్మిదేళ్ళు చిన్న. సంగీతం నేర్చుకున్నాడు, పాటలకు బాణీలు కట్టాడు. కానీ ప్రాణమంతా కప్పలూ బల్లులే. వియన్నాలో ప్రాటర్ అనే పెద్ద పార్కు ఉంది. అక్కడ 1873 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన అక్వేరియం భవనాన్ని హాన్స్ ప్రిజిబ్రామ్ అనే జంతుశాస్త్రవేత్త ఇద్దరు మిత్రులతో కలిసి సొంత డబ్బుతో కొని, 1903లో ప్రయోగశాలగా తెరిచాడు. వివేరియం అనేవారు. చచ్చిన జీవుల్ని కోసి చూడటం కాకుండా, బతికున్నవాటిని తరాల తరబడి పెంచి, వేడి, తేమ, వెలుగు మార్చి, ఏమవుతుందో చూసే చోటు. ఆ తొట్లూ గాజు గదులూ నడపడానికి ప్రిజిబ్రామ్ ఏరికోరి తెచ్చుకున్నవాడు కామరర్. వేరేవాళ్ళ చేతుల్లో నాలుగు రోజులు బతకని జీవులు ఇతని చేతుల్లో పిల్లలు పెట్టేవి. ఈ మాట అతని విమర్శకులు కూడా కాదనలేదు.

ఇక్కడొక చిన్న సంగతి. కామరర్ తన కూతురికి లాసెర్టా అని పేరు పెట్టుకున్నాడు. అది బల్లుల ప్రజాతి పేరు. బేట్సన్ తన చిన్న కొడుక్కి, వంశపారంపర్య సూత్రాలు చెప్పిన గ్రెగర్ మెండెల్ పేరు మీద గ్రెగరీ అని పెట్టుకున్నాడు. తర్వాత మానవశాస్త్రవేత్తగా పేరుపొందిన గ్రెగరీ బేట్సన్ అతనే. ఒకరు బల్లి పేరు, ఒకరు గురువు పేరు. పనిని ఇంటిదాకా తెచ్చుకున్న మనుషులు ఇద్దరూ. వాళ్ళను బద్ధశత్రువులుగా చెబుతుంటే ఈ రెండు పేర్లే నాకు గుర్తొస్తాయి.

సరే, కప్ప దగ్గరకొద్దాం. పడమటి యూరప్‌లో ఒక చిన్న కప్ప ఉంది, ఎలైటిస్. మిగతా వాటిలా నీళ్ళలో కాదు, నేల మీదే జతకడుతుంది. ఆడది గుడ్ల దండ పెట్టగానే మగది దాన్ని తన వెనక కాళ్ళకు చుట్టుకుని వారాల తరబడి మోస్తుంది. పొదిగే వేళకు తీసుకెళ్ళి నీళ్ళలో దిగుతుంది. అందుకే దాన్ని మంత్రసాని కప్ప అంటారు. మగ మంత్రసాని! నేల మీద జారుడు ఉండదు కాబట్టి దీనికి ఆ గరుకు మెత్త అక్కర్లేదు, మామూలుగా ఉండదు కూడా.

కామరర్ ఏం చేశాడంటే, ఈ కప్పల్ని పాతిక నుంచి ముప్పై డిగ్రీల వేడిలో ఉంచాడు. మనకది చల్లని రోజు, వాటికి మాత్రం భరించలేని ఎండ. అవి నీళ్ళలో దిగి అక్కడే జతకట్టాయి. గుడ్లు నీళ్ళపాలయ్యాయి. చాలామటుకు చచ్చిపోయేవి. మిగిలిన కొన్నింటిని పెంచి, వాటి పిల్లల్ని పెంచి, అలా కొన్ని తరాలు నడిపాడు. నీటిలో పెరిగిన ఆ వంశంలోని మగవాటికి గరుకు మెత్తలు వచ్చాయని 1909లో ప్రకటించాడు. అంటే, పరిసరం వల్ల వచ్చిన మార్పు పిల్లలకు దిగిందన్నమాట. ఆర్జిత గుణాల అనువంశికత. అయితే ఆ వ్యాసంలో మెత్త బొమ్మ లేదు.

1910 జులైలో బేట్సన్ కామరర్‌కి ఉత్తరం రాశాడు. మన ఉత్తరాల్లో ఉభయకుశలోపరి అయ్యాక అసలు సంగతి వస్తుంది చూడండి, దానిలో అసలు సంగతి ఒక్కటే: మెత్త ఉన్న మగ కప్ప ఒకటి నాకు చూడ్డానికి పంపగలరా? సెప్టెంబరులో స్వయంగా వియన్నా వెళ్ళి అదే మాట మళ్ళీ అడిగాడు. కప్ప చేతికి రాలేదు. 1913లో తన పుస్తకంలో ఈ సంగతంతా అచ్చువేశాడు: ఫలానా నెలలో రాశాను, ఫలానా నెలలో వెళ్ళి అడిగాను, ఇంతవరకూ చూపలేదు. ఎత్తిపొడుపు లేదు, తిట్టు లేదు, తేదీలు మాత్రమే. అలాంటి వాక్యం చదివితే ఎదుటివాడికి ఎంత గుచ్చుకుంటుందో మీరే ఊహించండి.

అదే 1910లో బేట్సన్, తోటి జన్యుశాస్త్రవేత్త పున్నెట్‌తో కలిసి జర్నల్ ఆఫ్ జెనెటిక్స్ మొదలుపెట్టాడు. మనకూ దానికీ సంబంధం ఉంది. 1957లో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఇంగ్లండ్ విడిచి ఇండియా వచ్చినప్పుడు ఆ పత్రికను తనతో తెచ్చాడు. ఇప్పుడు బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దాన్ని ప్రచురిస్తోంది. కలకత్తాలో హాల్డేన్ దగ్గర చేరిన శిష్యుల్లో మన పిఠాపురంవాడు ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. బేట్సన్ నాటిన విత్తు మన పెరట్లో కూడా మొలిచిందని చెప్పడానికే ఈ మాట.

తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. వియన్నా, లండన్ శత్రు నగరాలయ్యాయి. వివేరియంలో పెంపకం కుదేలయింది. దాచిన నమూనాలు చాలావరకు పోయాయి. యుద్ధం ముగిశాక 1919లో కామరర్ పెద్ద వ్యాసం రాశాడు, ఈసారి ఫోటోలతో. ఆ ఏడాదే బేట్సన్ నేచర్ అనే సైన్స్ పత్రికకు ఉత్తరం రాశాడు, సందేహం తీరలేదని. అక్కడితో ఇద్దరి మధ్య ఉత్తరం నలుగురి మధ్యకి వచ్చింది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో జంతుశాస్త్ర ప్రొఫెసర్ మెక్‌బ్రైడ్ కామరర్ పక్షాన కలం పట్టాడు. వియన్నా నుంచి ప్రిజిబ్రామ్ జవాబులు రాశాడు. నేచర్ ఉత్తరాల పేజీలు ఏళ్ళ తరబడి ఈ కప్పతో నిండాయి. ఆ ఉత్తరాల్లో కొన్ని చదవడం కష్టం. పెద్దమనుషుల భాషలో ఒకర్నొకరు అబద్ధాలకోరు అనుకోవడం ఎలాగో అక్కడ కనిపిస్తుంది. మెక్‌బ్రైడ్ సమర్థన కామరర్‌కి మేలు కంటే కీడే ఎక్కువ చేసిందని నా అభిప్రాయం. కప్పను చూపించాల్సిన చోట సిద్ధాంతం చూపించాడు.

నేచర్ పేజీల్లో లేనిది ఒకటి చెప్పాలి. బేట్సన్ పెద్ద కొడుకు 1918 అక్టోబరులో యుద్ధంలో చనిపోయాడు, సంధికి నెల రోజుల ముందు. రెండో కొడుకు 1922 ఏప్రిల్‌లో, సరిగ్గా అన్న పుట్టినరోజున, ప్రాణం తీసుకున్నాడు. అటు వియన్నాలో డబ్బు చిత్తుకాగితమైపోయిన రోజులు. జీతం మీద బతకలేక కామరర్ ఉపన్యాసాలు ఇచ్చుకుంటూ తిరిగేవాడు. 1923 నాటి ఉత్తరాలు చదివేటప్పుడు రెండు వైపులా ఈ ఇళ్ళు ఇలా ఉన్నాయని తెలిసి చదవాలి. కొడుకులు పోయిన తండ్రి ఒకవైపు, పూట గడవని పరిశోధకుడు ఒకవైపు. ఉత్తరాల్లో ఎవరూ ఒక్క ముక్క దాని గురించి రాసుకోలేదు.

1923లో కామరర్ చివరికి ఆ కప్పను వెంటబెట్టుకుని ఇంగ్లండ్ వచ్చాడు. మెత్త ఉన్నవాటిలో మిగిలింది ఒక్కటే, స్పిరిట్ సీసాలో. ఏప్రిల్ చివర్లో కేంబ్రిడ్జ్‌లో, మే నెలలో లండన్‌లో జీవశాస్త్రవేత్తల సంఘమైన లిన్నియన్ సొసైటీలో చూపించాడు. కేంబ్రిడ్జ్ సభకు బేట్సన్ వెళ్ళలేదు. పదమూడేళ్ళు అడిగిన వస్తువు ఊళ్ళోకి వస్తే వెళ్ళకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. లండన్‌లో చూశాడు. చూశాక తన సందేహం ఇంకోలా మారింది: నల్ల మచ్చ అరచేతి వైపు ఉంది. జతకట్టేటప్పుడు ఆడదాని ఒంటికి ఆనేది వేళ్ళ వెనక, పక్క భాగాలు కదా, మెత్త ఉంటే అక్కడుండాలి కదా? ఇది మంచి ప్రశ్న. వైవాలో మీ చేత చెప్పించే ఆ ఒక్క మార్కు సమాధానమే ఇక్కడ కత్తిలా పనిచేసింది.

అప్పుడు బేట్సన్ ఇంకో ఉత్తరంలో బేరం పెట్టాడు. ఆ నమూనాను పరీక్షకు లండన్ పంపితే వివేరియంకి పాతిక పౌండ్లు ఇస్తానన్నాడు. ప్రిజిబ్రామ్ ఒప్పుకోలేదు. మిగిలింది ఇదొక్కటే, పంపలేం, మీరే వచ్చి చూసుకోండి అన్నాడు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. క్లాసులో ఈ ఘట్టం చెబితే పిల్లలు వెంటనే అనేవారు: దొరికిపోతామని పంపలేదు సార్. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. తర్వాత నాకొక అనుభవమైంది. కొల్లేరు దగ్గర వలలో పడిన ఒక చిన్న చేపను జాతి తేల్చుకోవడానికి దూరంగా ఉన్న ఒక పెద్దాయనకి పార్సిల్ చేశాను. ఒకటే ఉంది నా దగ్గర. దారిలో సీసా పగిలింది, ఫార్మలిన్ కారిపోయింది. ఆయన చేతికి చేరింది ఎండిన చింతపండు ముద్దలాంటిది. ఎవరినీ అనడానికి లేదు. కానీ ఆ రోజు ప్రిజిబ్రామ్ గుర్తొచ్చాడు. ఉన్న ఒక్కదాన్ని చేతులారా సాగనంపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అయినా సరే, ఆలోచించి చెబుతున్నాను, ప్రిజిబ్రామ్ పంపి ఉండాల్సింది. ఎవరినైనా తోడిచ్చి, ఒడిలో పెట్టుకుని తీసుకెళ్ళమని పంపాల్సింది. 1923లోనే సూక్ష్మదర్శిని కింద పెట్టి ఉంటే ఏది తేలినా తేలేది. మూడేళ్ళ తర్వాత జరిగిన ఘోరం జరిగేది కాదేమో.

1926 మొదట్లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ నుంచి సరీసృపాల క్యూరేటర్ జి.కె. నోబుల్ వియన్నా వెళ్ళాడు. ప్రిజిబ్రామ్ అడ్డుచెప్పలేదు, సీసా తీసి ముందు పెట్టాడు. నోబుల్ చర్మాన్ని పరీక్షించాడు. నిజమైన మెత్త మీద సన్నని ముళ్ళలాంటి గరుకు ఉంటుంది, అది లేదు. నలుపు పైచర్మంలోది కాదు, లోపల ఎక్కించినది. రసాయన పరీక్షలూ అదే చెప్పాయి. ఇండియన్ ఇంక్. మనం చార్టుల మీద బొమ్మలు గీసే ఆ నల్ల సిరాయే. 1926 ఆగస్టు 7 నాటి నేచర్‌లో నోబుల్ రాసింది వచ్చింది. అదే సంచికలో ప్రిజిబ్రామ్ రాసింది కూడా. తన సొంత సంస్థ పరువు పోయే సంగతిని దాచకుండా, నలుపు పరాయి పదార్థమేనని ఆయన ఒప్పుకున్నాడు. అంత ధైర్యం నేను తక్కువమందిలో చూశాను.

బేట్సన్ ఇది చదవలేదు. ఫిబ్రవరి 8నే చనిపోయాడు.

కామరర్ చదివాడు. అప్పటికి అతనికి మాస్కో నుంచి పిలుపు వచ్చి ఉంది, కొత్త ప్రయోగశాల పెట్టడానికి. బయలుదేరే ఏర్పాట్లు నడుస్తున్నాయి. సెప్టెంబరు 22న మాస్కో కమ్యూనిస్ట్ అకాడమీ పెద్దలకు ఉత్తరం రాశాడు. నోబుల్ వ్యాసం చదివి తానే వెళ్ళి ఆ కప్పను చూశానని, ఆయన చెప్పింది నిజమేనని, అంతేకాక తన నల్ల సాలమండర్లలో (బల్లిలా కనిపించే ఉభయచరాలు) కూడా చచ్చిపోయాక సిరా ఎక్కించినవి కనిపించాయని రాశాడు. ఈ పని తాను చేయలేదన్నాడు. చేసిందెవరో లీలగా అనుమానించడమే తప్ప చెప్పలేనన్నాడు. జీవితకాలపు పని మీద మచ్చ పడ్డాక మీ పిలుపు అందుకునే అర్హత నాకు లేదన్నాడు. మర్నాడు, సెప్టెంబరు 23న, వియన్నాకి దక్షిణాన ష్నీబెర్గ్ కొండ దారిలో ప్రాణం తీసుకున్నాడు. నలభై ఆరేళ్ళు.

సిరా ఎక్కించిందెవరు? ఇప్పటికీ తేలలేదు. కామరరే అన్నవాళ్ళున్నారు. మచ్చ వెలిసిపోతుంటే కనబడేలా చేద్దామని సహాయకులెవరో అత్యుత్సాహంతో చేశారన్నారు కొందరు. కావాలని ఇరికించారన్నారు ఇంకొందరు. 2009లో చిలీ జీవశాస్త్రవేత్త అలెగ్జాండర్ వర్గాస్, కామరర్ రాసిన ఫలితాల్లో ఇవాళ్టి ఎపిజెనెటిక్స్ ఛాయలున్నాయని, అంటే జన్యువు మారకుండానే దాని పనితీరు మారడం లాంటిది కనిపిస్తోందని వాదించాడు. అది విన్నాక కామరర్ గెలిచాడని కొందరు సంబరపడ్డారు. నేను ఆ సంబరంలో లేను. అదే కప్పల్ని అదే వేడిలో మళ్ళీ తరాల తరబడి ఎవరైనా పెంచి చూపిస్తే తప్ప ఆ మాట అనలేం. ఎవరూ చేసి చూపలేదు.

నాకు మిగిలిన బాధ వేరే. బేట్సన్ అడిగింది న్యాయమైన కోరిక. 1910లో అది ఒక చిన్న ఉత్తరం. అప్పుడు వియన్నాలో కప్పలు బతికే ఉన్నాయి, ప్రయోగం నడుస్తోంది, పాత నమూనా లేకపోతే కొత్తది వచ్చే ఏడాది పుడుతుంది. అప్పుడు కామరర్ ఒక సీసా కట్టి పంపి ఉంటే? తప్పయినా ఆ రోజే తేలేది, సిగ్గుపడి సర్దుకునే వయసు ముప్పై. ఏళ్ళు గడిచేకొద్దీ 'చూపించండి' అన్న మామూలు మాట 'నీ నిజాయితీ నిరూపించుకో' అన్న మాటగా మారిపోయింది. అడిగేవాడి గొంతు గట్టిపడింది, ఇవ్వాల్సినవాడి చేయి బిగుసుకుంది. ఈ మార్పు వ్యాసాల్లో కనిపించదమ్మా. ఒక ఉత్తరం తర్వాత ఇంకొకటి తేదీలవారీగా చదివితేనే కనిపిస్తుంది.

ప్రిజిబ్రామ్ గురించి చెప్పి ముగిస్తాను. కామరర్ పోయిన తర్వాతి ఏడాది, 1927లో, ఆయన నేచర్‌కి మళ్ళీ రాశాడు. అదే కప్పకు పూర్వం తీసిన ఫోటో వెతికి పట్టుకుని పంపాడు, మొదట్లో దీని చేయి ఇలా ఉండేదని చూపడానికి. వాదించేవాళ్ళు అలసిపోయారు, స్నేహితుడు పోయాడు, అయినా ఆయన పాత పెట్టెలు తిరగేసి ఫోటో తీసి పోస్టు చేశాడు. 1938లో నాజీలు వియన్నాకి వచ్చాక, యూదుడన్న కారణంతో, తను కొని, నడిపి, 1914లో సైన్స్ అకాడమీకి దానంగా ఇచ్చేసిన ఆ వివేరియంలోకే ఆయన్ని అడుగుపెట్టనివ్వలేదు. 1944 మేలో నాజీల థెరీజియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. మరుసటి ఏడాది రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో వివేరియం భవనం కాలిపోయింది.

నేచర్‌లో వచ్చిన ఉత్తరాల జిరాక్సులు తెచ్చాను, 1919 నుంచి 1927 దాకా ఉన్నవి. పక్క బల్ల మీద వరస క్రమంలో పెట్టాను. తేదీ చూసుకుని మొదటిదాని నుంచి చదవండి, మధ్యలోంచి తీయకండి. పక్కనే మన లాబ్‌లోని మగ కప్ప సీసా కూడా ఉంచాను. ముందు దాని వేలు చూసి, తర్వాత ఉత్తరాలు పట్టుకోండి. భూతద్దం ఒకటే ఉంది, ఒకరి తర్వాత ఒకరు చూడండి.